రెండో చూపు

సెల్‌ఫోన్ టార్చీలు తప్ప వేరే వెలుతురు లేదు. వందల టార్చీలున్నాయి, ఒక్కటీ ఒకచోట నిలవడం లేదు. 2023 జూన్ 2, శుక్రవారం. ఒడిశాలో బాలాసోర్ జిల్లా, బహనగా బజార్ స్టేషను. ఏడు గంటలకు ఐదు నిమిషాలుందనగా, షాలిమార్ నుంచి చెన్నై పోతున్న కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మెయిన్ లైను వదిలి లూప్ లైనులోకి తిరిగింది. అక్కడ ఆగి ఉన్న ఇనుప ఖనిజం గూడ్స్‌ను గంటకు 128 కిలోమీటర్ల వేగంతో గుద్దింది. అంత బరువున్న గూడ్స్ కదల్లేదు. దెబ్బంతా కోరమండలే తింది. పక్కకు ఎగిరిపడ్డ బోగీలు, సరిగ్గా అప్పుడే ఎదురుగా దాటిపోతున్న బెంగళూరు–హౌరా ఎక్స్‌ప్రెస్ చివరి బోగీలను కొట్టాయి. సిగ్నల్ తీగల్లో ఎప్పుడో జరిగిన తప్పు కలయిక ఇంతకు తెచ్చిందని తర్వాత విచారణలో తేలింది.

ఆ చీకట్లో మీరున్నారనుకోండి. మీరు అంబులెన్సులో పనిచేసే ఈఎంటీ. బండి దిగి కంకర మీద అడుగేశారు. చుట్టుపక్కల ఊళ్ల జనం మీకంటే ముందే వచ్చేశారు. లుంగీలు ఎగగట్టుకుని బోగీల మీదికెక్కి కిటికీ చువ్వలు వంచుతున్నారు, పై బెర్తు రెగ్జిను చింపి దాని మీదే మనుషులను మోస్తున్నారు. మీ భుజాన సంచి ఉంది. అందులో కట్టుగుడ్డలు, రెండు జతల గ్లవుజులు, వేలికి పెట్టే ఆక్సిమీటరు, నాలుగు రంగుల ట్యాగుల కట్ట. ఎదురుగా గాయపడ్డవాళ్లు ఎందరో చెప్పడం మీ తరం కాదు. తెల్లారేసరికి ఆ లెక్క వెయ్యికి దగ్గర పడుతుందని మీకింకా తెలియదు.

మొదట కనబడింది ఒక ఆడమనిషి. మోచేతి కింద ఎముక బయటికి వచ్చింది, కేకలు పెడుతోంది. మీ మోకాళ్లు వాటంతటవే వంగుతాయి. ఆగండి. ఇప్పుడు మీ పని వైద్యం కాదు. ఎవరిని ముందు పంపాలి, ఎవరు ఆగగలరు, ఎవరికి ఇక చేసేదేమీ లేదు అని విడదీయడం. దాన్నే ట్రయాజ్ అంటారు. ఈ పనిలో ఉన్నంతసేపు చెయ్యనిచ్చే వైద్యం రెండే రెండు: మూసుకుపోయిన ఊపిరి దారి తెరవడం, ధారగా పోతున్న రక్తాన్ని బిగించి కట్టడం. మిగతాదంతా వెనకాల వచ్చేవాళ్లది.

అందుకని లేచి నిలబడి గొంతు చించుకుని అరుస్తారు. "నడవగలిగినవాళ్లు ఇటు రండి! ఈ లైటు దగ్గరికి రండి!" హిందీలో ఒకసారి, వచ్చీరాని ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి. కోరమండల్ కదా, తెలుగువాళ్లు ఉండి తీరతారు. కొందరు కదులుతారు. కుంటుతూ, ఒకరినొకరు పట్టుకుంటూ, ఒంటి మీద బట్ట ఉందో లేదో చూసుకోకుండా వస్తారు. వచ్చినవాళ్లందరికీ ఆకుపచ్చ ట్యాగు. వాళ్లు ఆగగలరు. కేక వేస్తే నడిచి వచ్చారంటే మెదడు పనిచేస్తోంది, కాళ్లకు రక్తం అందుతోంది. ఒక్క అరుపుతో మీ పనిలో సగం తగ్గింది.

మిగిలినవాళ్లలో ఒక్కొక్కరి దగ్గరికీ మీరే వెళ్లాలి. ఊపిరి ఉందా? ఉంటే నిమిషానికి ముప్పై దాటిందా? దాటితే ఎరుపు. మణికట్టు దగ్గర నాడి అందుతోందా? అందకపోతే ఎరుపు. "నా వేలు గట్టిగా పట్టుకోండమ్మా" అంటే పట్టుకుంటోందా? పట్టుకోకపోతే ఎరుపు, పట్టుకుంటే పసుపు. ఊపిరి లేకపోతే తల వెనక్కి వంచి గడ్డం ఎత్తి చూస్తారు. అప్పటికీ రాకపోతే నలుపు. ఒక్కొక్కరికి అర నిమిషం, మహా అయితే నిమిషం. 1983లో కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్ అగ్నిమాపక శాఖ, అక్కడి హోగ్ ఆసుపత్రి కలిసి తయారుచేసిన ఈ పద్ధతి పేరు స్టార్ట్. డాక్టరు కానివాళ్లు కూడా, భయంతో చేతులు వణుకుతున్నప్పుడు కూడా, తప్పకుండా గుర్తుపెట్టుకోగలిగేలా దాన్ని కూర్చారు. నలభై ఏళ్లు దాటినా దాని దగ్గరే నిలబడి ఉన్నామంటే అది అంత నికరమైన పని.

కాగితం మీద అర నిమిషం. ఇక్కడ మాత్రం ఊపిరి లెక్కపెట్టడమే గగనం. జనరేటరు మోత, గ్యాస్ కట్టర్ల చప్పుడు, ఎవరిదో పేరు పెట్టి పిలుస్తున్న గొంతు. టార్చి వెలుగు ఊగుతుంటే ఛాతీ లేస్తోందో, నీడ కదులుతోందో తెలియదు. అందుకే అరచెయ్యి పొట్ట మీద ఆనించి లెక్కపెడతారు. గ్లవుజు వేళ్లకు రక్తం అంటుకుని ఆరి జిగురు కట్టింది. ఆ వేళ్లతో మణికట్టు నొక్కితే తగిలేది ఆ మనిషి నాడో, మీ వేలి చివర కొట్టుకుంటున్న మీ సొంత నాడో! బొటనవేలు తీసేసి, చూపుడువేలూ నడిమివేలూ ఆనించి, కళ్లు మూసుకుని చూస్తారు. ఉంది. సన్నగా ఉంది. పసుపు ట్యాగు మెడలో వేసి కదులుతారు.

కంకర మీద మొల దాకా నలిగిన మనిషి ఒకడు. తల వంచారు, గడ్డం ఎత్తారు, చెవి పెట్టి విన్నారు. లేదు. నలుపు ట్యాగు కట్టాలి. కట్టడానికి చేతులు రావు. పక్కనే ఎవరో "సార్, చూడండి సార్, ఇంకా వేడిగా ఉంది" అంటున్నారు. ఆయన గుండె మీద నొక్కుతూ కూర్చుంటే పది నిమిషాలు పోతాయి, ఆ పది నిమిషాల్లో మీరు చూడని పదిహేను మందిలో రక్తం కారుతున్నవాళ్లు ఉన్నారు. ట్యాగు కట్టి లేస్తారు. ఈ పని చేసినవాళ్లను నేను గౌరవించినంతగా మరెవరినీ గౌరవించలేను.

ఇప్పుడు ఒక కుర్రాడి దగ్గరికి రండి. ఇరవై ఏళ్లుండొచ్చు. ఇలాంటివాడు ఏ పెద్ద ప్రమాదంలోనైనా ఒకడు ఉంటాడు. ఊరు ఇచ్ఛాపురం అనుకుందాం, బరంపురంలో దిగాల్సినవాడు. మీ కేక విని తనే నడిచి వచ్చాడు. ఫోను చెవికి ఆనించుకుని, "అమ్మా, నాకేటీ అవలేదే. బండి పడిపోనాది, అంతే. నువ్వు ఏడవకు" అంటున్నాడు. మిమ్మల్ని చూసి, "నాకేం లేదు బావూ, ముందు ఆళ్లని సూడండి" అన్నాడు. బెర్తు అంచు ఎడమ డొక్కలో గుచ్చుకుందట. ఎడమ భుజం లాగుతోందట, సంచి మోసినందుకేమో అన్నాడు. ఆకుపచ్చ ట్యాగు వేసి పంపించారు. పద్ధతి ప్రకారం అది తప్పు కాదు.

ఆ డొక్క లోపల ప్లీహం చీలింది. అక్కడి నుంచి కారిన రక్తం పైకి చేరి ఊపిరితిత్తుల కింది పొరను రేపితే, ఆ నొప్పి ఎడమ భుజంలో తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడు కనుక ఒళ్లు గట్టిగా తట్టుకుంటుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె వేగం పెంచుతుంది, బీపీ నిలబడుతుంది. ఒంట్లో రక్తం మూడో వంతుకు దగ్గరగా పోయేదాకా పైకి పెద్దగా తెలియనివ్వదు. అక్కడి నుంచి మాత్రం ఒక్కసారిగా జారిపోతుంది. ఇప్పుడు ఎనిమిది గంటలు. తొమ్మిదింటికి ఆ కుర్రాడి దగ్గరికి మళ్లీ ఎవరు వెళ్తారు? ఆకుపచ్చవాళ్ల దగ్గరికి ఎవరూ వెళ్లరు. మీరు మూడో బోగీ దగ్గర ఉంటారు.

ఇక్కడే నేను చెప్పదలుచుకున్నది ఉంది. ట్రయాజ్‌లో మొదటి చూపుకు మనిషి చాలు. శిక్షణ ఉన్న ఈఎంటీ కళ్లు, చెవులు, రెండు వేళ్లు చాలావరకు సరిపోతాయి. కరువంతా రెండో చూపుకే. ట్యాగు కట్టిన మరుక్షణం నుంచి ఆ మనిషి మారుతూనే ఉంటాడు, ట్యాగు మాత్రం మారదు. ఎరుపు నలుపవుతుంది, పసుపు ఎరుపవుతుంది, ఆకుపచ్చ కూలబడుతుంది. రాత్రంతా ప్రతివాళ్ల దగ్గరికీ పదిహేను నిమిషాలకోసారి తిరగడానికి వెయ్యి మందికి ఎందరు ఈఎంటీలు కావాలి? టెక్నాలజీ వచ్చి చెయ్యాల్సింది ఈ పని. మన తీర్పు మనకు వదిలేసి, మనం చూడలేని క్షణాల్లో చూస్తూ ఉండటం.

సరే, చూడనిద్దాం. అదే రాత్రి, అదే కంకర. ఈసారి మీ కట్టలోని ట్యాగులకు వేలికి తగిలించే చిన్న క్లిప్పు ఉంది, ఒక బిళ్ల బ్యాటరీ, ఒక చిన్న దీపం ఉన్నాయి. కుర్రాడి వేలికి తగిలించారు. మీరు వెళ్లిపోయారు, అది ఉండిపోయింది. వేలిలోంచి వెలుగు పోనిచ్చి, గుండె కొట్టిన ప్రతిసారీ రక్తం ఎంత వచ్చి పోతోందో చూస్తుంది. ఆ రాకపోకలను బట్టి ఆక్సిజన్ కొలిచే కిటుకు జపాన్ ఇంజినీరు తకువో అవోయాగి 1970లలో కనిపెట్టినది. కోవిడ్ రోజుల్లో మన ఇళ్లలోకి వచ్చిన ఆక్సిమీటరుకు మూలం అదే. మనం దాన్లో ఆక్సిజన్ అంకె ఒక్కటే చూసుకున్నాం. కానీ తెర మీద ఆ అంకె పక్కన ఒక అల పోతూ ఉంటుంది చూశారా, అసలు సంగతి అందులో ఉంది.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, శాన్ ఆంటోనియోలోని సైనిక శస్త్రచికిత్సా పరిశోధనాలయంలో ఆ అల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆరోగ్యంగా ఉన్న వలంటీరును పడుకోబెట్టి, నడుము నుంచి కింది భాగాన్ని గాలి చొరబడని పెట్టెలో ఉంచి, పెట్టెలోని గాలిని కొద్దికొద్దిగా లాగేస్తారు. రక్తం కాళ్లలోకి దిగిపోతుంది. ఒక్క చుక్క బయటికి పోకుండానే గుండెకూ తలకూ రక్తం తగ్గుతుంది. మనిషికి కళ్లు తిరిగేదాకా ఆగి, మళ్లీ గాలి వదులుతారు. ఇలా ఎందరినో పరీక్షించి, రక్తం తగ్గే కొద్దీ వేలి దగ్గరి అల ఆకారం ఎలా మారుతుందో కంప్యూటరుకు నేర్పారు. బీపీ ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నప్పుడే అల మారడం మొదలవుతుంది. దాన్ని ఒకే ఒక్క అంకె కింద చూపిస్తారు. ఒకటి దగ్గర ఉంటే ఒంట్లో ఓపిక నిండుగా ఉన్నట్టు, సున్నాకు చేరితే ఇక కూలిపోతున్నట్టు.

మన కుర్రాడి అంకె 8.10కి 0.7 అనుకోండి. 8.25కి 0.55. అతనింకా ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాడు. 8.40కి 0.4 దగ్గర ట్యాగు మీద దీపం ఎర్రగా మిణుకుతుంది, మీ మణికట్టుకు కట్టుకున్న చిన్న పరికరం ఒకసారి అదురుతుంది. వెనక్కి తిరిగి చూస్తారు. ఆకుపచ్చవాళ్ల మధ్య ఒక్క దీపం ఎర్రగా ఉంది. వెళ్లి పొట్ట మీద చెయ్యి వేస్తే చెక్కలా గట్టిపడి ఉంది. "బావూ, దాహమేస్తంది" అంటున్నాడు. అప్పుడు కేక పెట్టి స్ట్రెచర్ తెప్పిస్తారు. ఆ తీర్పు మీదే. అతని దగ్గరికి మిమ్మల్ని తిరిగి తెచ్చింది మాత్రం ఆ దీపం.

ఇంత చక్కగా జరుగుతుందా? ఎప్పుడూ జరగదు. రక్తం బాగా పోయినవాడి వేళ్లు చల్లబడి ముడుచుకుంటే క్లిప్పుకు అల అందదు. మనిషి వణికితే అంకె పిచ్చిగా ఎగురుతుంది. మట్టి, గ్రీజు, ఎండిన రక్తం వెలుగును అడ్డుకుంటాయి. ఇంకొకటి మన ఒంటి రంగుకు సంబంధించింది. 2020లో అమెరికాలో అచ్చైన ఒక అధ్యయనం ప్రకారం, రక్తంలో ఆక్సిజన్ తగ్గినా ఆక్సిమీటరు బాగానే ఉందని చూపించడం తెల్లవాళ్లలో కంటే నల్లవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. శ్రీకాకుళంలో, బాలాసోర్‌లో ఎండలో పనిచేసే మనుషుల వేళ్లకు తగిలించబోయే యంత్రాన్ని ఆ వేళ్ల మీద పరీక్షించకుండా తెచ్చుకుంటే, అది మంచి దీపం చూపిస్తూనే మనుషులను పోగొడుతుంది. కొనే అధికారి టెండరులో మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే కావాలి.

ఇక సిగ్నలు. ఈ రాత్రి బహనగాలో ప్రతి చేతిలో ఫోనుంది, ప్రతి ఫోనూ ఇంటికి కలపాలని చూస్తోంది. ఆ ఒత్తిడికి ఏ టవరైనా మొరాయిస్తుంది. ట్యాగులన్నీ ఇంటర్నెట్ మీదే బతికేవైతే, అవసరమైన గంటలోనే అవి గుడ్డివి. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విసార్డ్ అనే పేరుతో 2000ల మొదట్లో వైర్‌లెస్ ట్యాగులు చేసి, అగ్నిమాపక సిబ్బందితో కలిసి మాక్ డ్రిల్స్‌లో పరీక్షించారు. ఎక్కువగా ఇబ్బంది పెట్టింది నెట్‌వర్కే. అందుకే తర్వాతి దశలో పద్ధతి మార్చారు. ప్రతి పరికరం తనకు తెలిసింది తన దగ్గరే దాచుకుంటుంది, ఇంకో పరికరం దగ్గరికి రాగానే చెప్పేస్తుంది, అది మరోదానికి చెబుతుంది. చెరువుగట్టు మీద కబురు ఊరంతా పాకినట్టు. టవరు లేకపోయినా మీరు బోగీల మధ్య నడుస్తుంటే చాలు, మీ వెంట కబురు కూడా నడుస్తుంది. స్ట్రెచర్ మోసే కుర్రాడి జేబులో ఉన్న పరికరం అంబులెన్సుకు చెబుతుంది, అంబులెన్సు సోరో ఆసుపత్రి గేటు దగ్గర అక్కడి తెరకు చెబుతుంది.

ఆ తెర కూడా ముఖ్యమే. మీ చేతిలో ఉన్నవాళ్లు ఎంత ముఖ్యమో, వాళ్లను ఎక్కడికి పంపుతున్నారన్నది అంత ముఖ్యం. దగ్గర్లో సోరో, అవతల బాలాసోర్, ఇవతల భద్రక్, దూరంగా కటక్. నడిచి వచ్చినవాళ్లు ముందుగా దొరికిన ఆటో, ట్రాక్టరు ఎక్కి దగ్గరి ఆసుపత్రినే నింపేస్తారు. ఏ దేశంలోనైనా ఇదే జరుగుతుంది. ఎరుపువాళ్లు చేరేసరికి మంచాలుండవు. భయంతో మనమే అందరికీ ఎరుపు కట్టినా అదే ఫలితం. కాలిఫోర్నియాలోనే ఒక రైలు ప్రమాదంలో స్టార్ట్ పద్ధతి ఎలా పనిచేసిందో 2009లో ఒక పరిశోధన వచ్చింది. పద్నాలుగు ఆసుపత్రులకు చేరిన 148 మంది కేసు కాగితాలు తిరగేశారు. అందులో 79 మందికి అవసరమైన దానికంటే పెద్ద ట్యాగు పడింది. తక్కువ పడింది ముగ్గురికే. అంటే ట్యాగు కట్టే చెయ్యి జాలి వైపే మొగ్గుతుంది. ఆ జాలికి మూల్యం ఇంకో చోట, ఆపరేషన్ థియేటరు బయట వరసలో ఉన్నవాడు చెల్లిస్తాడు. ఎక్కడ ఎన్ని మంచాలు, ఎంత రక్తం ఉందో మీ మణికట్టు మీద కనిపిస్తే, ఎరుపులో ఎరుపును కటక్‌కు, పసుపును భద్రక్‌కు పంచగలరు. బాలాసోర్‌లో ఆ రాత్రి కుర్రాళ్లు వరసకట్టి వందల యూనిట్ల రక్తం ఇచ్చారు. ఇచ్చేవాళ్లకు లోటు రాలేదు.

తల ఎత్తి చూడండి. పైన ఏదో గుయ్‌మంటోంది. నిజానికి బహనగా మీద ఈ డ్రోను లేదు. దీన్ని చూడాలంటే జార్జియా రాష్ట్రంలోని పెర్రీ ఊరికి వెళ్లాలి. అమెరికా రక్షణ పరిశోధనా సంస్థ డార్పా 2023లో ట్రయాజ్ ఛాలెంజ్ పేరుతో ఒక పోటీ మొదలుపెట్టింది. 2024 అక్టోబరులో పెర్రీలోని విపత్తు శిక్షణ కేంద్రంలో జట్లను దింపింది. పొగ, పెద్ద శబ్దాలు, ఉత్తుత్తి రక్తం పూసుకున్న నటులు, బొమ్మలు. మనిషి అడుగు పెట్టకముందే డ్రోన్లు, చక్రాల రోబోలు వెళ్లి ఎవరెక్కడున్నారో, ఎవరికి రక్తం పోతోందో, ఎవరికి ఊపిరి అందడం లేదో, ఏ అవయవానికి గాయమైందో చెప్పాలి. ఎంత తొందరగా చెబితే అన్ని మార్కులు. కెమెరా ఛాతీ కదలికను పెద్దది చేసి ఊపిరి లెక్కపెడుతుంది. ముఖం చర్మంలో కంటికి ఆనని రంగు మార్పును బట్టి గుండె వేగం చెబుతుంది. రాడారు దుప్పటి కింద ఊపిరిని కూడా పసిగడుతుంది. రోబో స్పీకరులోంచి "వినబడుతోందా?" అని అడిగి జవాబు కోసం ఆగుతుంది.

నాకు ఇది చూస్తే ఆశే కలుగుతుంది. పొలాల్లోకి ఎగిరిపడినవాళ్లు, కాలువలో పడినవాళ్లు, చీకట్లో ఎవరి టార్చీ తగలనివాళ్లు ఉంటారు, వాళ్లను ఒంటి వేడిని పసిగట్టే కెమెరా వెతికి పట్టుకోగలదు. కానీ బహనగాలో చాలామంది ఉన్నది బోగీల లోపల, ముడుచుకుపోయిన ఇనుము కింద. డ్రోను చూపు బోగీ పైకప్పు దగ్గరే ఆగిపోతుంది. పైగా గ్యాస్ కట్టర్ ఆపి, అందరినీ మాట్లాడొద్దని చెప్పి, ఇనుముకు చెవి ఆనించి లోపల ఎవరైనా తడుతున్నారా అని వింటున్న సమయంలో నెత్తిన ఆ మోత అసలు ఉండకూడదు. ఎప్పుడు ఎగరాలో ఎంత ముఖ్యమో, ఎప్పుడు దిగిపోవాలో అంత ముఖ్యం. ఆ సంగతి తెలిసిన మనిషి చేతిలో ఉంటేనే అది పనికొస్తుంది.

తెల్లవారింది. టెక్నాలజీ ఇప్పుడు నిజంగానే వచ్చింది, చనిపోయినవాళ్ల కోసం వచ్చింది. 290 మందికి పైగా పోయారు. చాలామంది ఎవరో తెలియదు. వేలిముద్రలు తీస్తే చాలావాటికి చర్మం సరిగా లేదు. అప్పుడు టెలికాం శాఖవారి సంచార్ సాథీ వ్యవస్థను వాడారు. చనిపోయినవాళ్ల ముఖాలను సిమ్ కార్డుల కోసం ఇచ్చిన ఫొటోలతో కంప్యూటరు చేత పోల్చి, 64 మందిలో 45 మందిని గుర్తించగలిగారు. భువనేశ్వర్ ఎయిమ్స్‌లో డీఎన్ఏ పరీక్షలు జరిగాయి. ఎవరూ రాని 28 మృతదేహాలకు అక్టోబరులో నగరపాలక సంస్థ అంత్యక్రియలు చేసింది. ఇటు ఆంధ్రప్రదేశ్‌లో అధికారులు రిజర్వేషన్ చార్టు ముందు పెట్టుకుని ఒక్కో నంబరుకూ ఫోను చేశారు. ఎత్తితే క్షేమం. ఎత్తకపోతే మళ్లీ చేశారు. జనరల్ బోగీలో ఎక్కినవాళ్లకు చార్టు లేదు. ఎవరికి ఫోను చెయ్యాలో తెలియదు.

సిమ్ ఫొటోతో ముఖం పోల్చగల దేశం మనది. ఆ శక్తి బతికున్నవాళ్ల వైపు, మొదటి గంట వైపు తిరగాలని అడగడం అత్యాశ కాదు. ప్రమాద స్థలంలో కట్టే ట్యాగుకు ఒక నంబరు, ఆ నంబరుకు ఒక ఫొటో, ఏ ఆసుపత్రికి వెళ్లాడో ఒక గీత. ఇచ్ఛాపురంలో ఆ తల్లి ఫోనులో ఆ గీత కనబడాలి. దానికి కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. ట్యాగులు అచ్చువేయించి, జిల్లాల్లో డ్రిల్లు చేసి, ప్రతి అంబులెన్సులో ఉంచాలి.

ఇప్పుడు స్టేషనుకు దగ్గర్లోని బహనగా హైస్కూలుకు రండి. మృతదేహాలను తెచ్చి గదుల్లో పడుకోబెట్టింది ఇక్కడే. తర్వాత పిల్లలు ఆ గదుల్లో కూర్చోలేమంటే ఆ భవనాన్ని కూల్చేశారు. ఆ రెండు రోజుల్లో పత్రికలు రెండు సంగతులు రాశాయి. హౌరా నుంచి కొడుకును వెతుక్కుంటూ అంబులెన్సు మాట్లాడుకుని వచ్చిన ఒక తండ్రి, ఆసుపత్రులన్నీ తిరిగి చివరికి ఈ మృతదేహాల మధ్యకు వచ్చాడు. అక్కడ ఒక చెయ్యి వణకడం కనిపించింది. అది తన కొడుకుదే. బతికి ఉన్నాడు. ఇంకొకతను అలాగే శవాల మధ్య పడి ఉండి, లోపలికి వచ్చిన సహాయకుడి కాలు పట్టుకుని నీళ్లు అడిగాడు.

మీరు రాత్రి చీకట్లో అర నిమిషంలో నలుపు కట్టారే, ఇలాంటిది మీ చేతుల మీదుగా కూడా జరగొచ్చు. అందుకు మిమ్మల్ని తప్పుపట్టడం అన్యాయం. ఒళ్లు చల్లబడి, నాడి పలచబడి, నిమిషానికి నాలుగైదు ఊపిరులు తీస్తున్న మనిషిని ఊగే టార్చి వెలుగులో ఎవరు కనిపెట్టగలరు? అక్కడ ఆగకుండా ముందుకు పోవడమే సరైనది. ఆగాల్సిన చోటు వేరే ఉంది. స్కూలు గుమ్మం. అక్కడ తొందర లేదు, దీపాలు పెట్టుకోవచ్చు, బల్ల వేసుకోవచ్చు.

ఆ బల్ల మీద ఒక చిన్న ఈసీజీ యంత్రం, దాని పక్కన ఒక మనిషి ఉండాలి. డాక్టరైతే మేలు. లోపలికి మోసుకొచ్చే ప్రతి ఒక్కరి ఛాతీకీ తీగలు అంటించి నిండు నిమిషం చూడాలి. గీత చదునుగా వస్తే ఆ కాగితాన్ని నల్లట్యాగుకు పిన్ను కొట్టి, టైము వేసి, సంతకం పెట్టాలి. ఆ కాగితం లేని మనిషిని ఏ అధికారి చెప్పినా గుమ్మం దాటనివ్వకూడదు. చదునుగా రాకపోతే అక్కడే ట్యాగు తెంపి, ఎరుపు కట్టి, బయట ఆగి ఉన్న అంబులెన్సు ఎక్కించాలి. జిల్లా విపత్తు ప్రణాళికలో ఈ బల్లకు ఒక పేరా చాలు. అది ఉందా అని మీ జిల్లా వైద్యాధికారిని అడగండి.